వాల్టర్ కానన్ పండితుడు

గుండె దడదడలాడుచున్నదనియు, తిన్నది జీర్ణము కాకున్నదనియు, రాత్రులు నిద్ర పట్టదనియు చెప్పుకొని వైద్యుని యొద్దకు పోవువారు మనలో ననేకులు కలరు. పరీక్షించి చూడగా నే యవయవమునందును లోపము కానరాదు. ఇది వట్టి మనోభ్రాంతి యని వైద్యుడు వారిని పంపివేయును. ఇంటికి వచ్చినపిమ్మట బంధువులును ఆ మాటయే యందురు. మరియొక ప్రక్కను, సర్వవ్యాధులును మనస్సునుండియే పుట్టుచున్నవి గావున మందులన్నియు పారవేయుడని బోధించువారు బయలుదేరియున్నారు. ఈ రెండు మాటలకు నడుమ సత్య మెచట నున్నదో ప్రయోగశాలలో కూర్చుండి వెదకిన మహనీయుడు అమెరికా దేశీయుడగు వాల్టర్ బ్రాడ్‌ఫర్డ్ కానన్. ఆయన చరిత్రమును మన పాఠకు లెరుంగుట యవసరమని మేము తలంచుచున్నాము.

కానన్ 1871వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమున, మిసిసిపీ నదీతీరమందలి ప్రేరీ డు షీన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి రైల్వే యుద్యోగి. తల్లి యాతని బాల్యముననే గతించెను. చదువునందు శ్రద్ధ చాలదని తండ్రి పదునాల్గవ యేట బడి మాన్పించి రైల్వే కచేరిలో పనికి బెట్టెను. రెండేండ్ల పిమ్మట బాలుడు తిరిగి బడికేగి, 1892లో హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశించి, 1896లో పట్టము నొంది, అచటి వైద్యకళాశాలలో చేరెను. 1900లో వైద్యపట్టము లభించెను. 1906 మొదలు 1942 వరకు ఆ కళాశాలయందే శరీరధర్మశాస్త్రమునకు ప్రధానాచార్యుడుగా నుండెను.

రాంట్‌జెన్ పండితుడు ఎక్స్-కిరణములను కనుగొని యప్పటికి సంవత్సరము మాత్రమే యైనది. ఈ కిరణములతో జీర్ణక్రియను ప్రత్యక్షముగ చూడవచ్చునేమో ప్రయత్నింపుమని గురువగు బౌడిచ్ సూచింపగా, కానన్ ఆహారమున బిస్మత్ లవణమును కలిపి జంతువులకు తినిపించి, జీర్ణకోశపు కదలికలను తెరపై చూడ మొదలిడెను. ఒకప్పుడు పిల్లి బెదరిపోగా, దాని కడుపులో అలలవలె సాగుచుండిన చలనము ఒక్కసారిగా నిలిచిపోయెను. దానిని నిమిరి శాంతింపజేయగా చలనము మరల ప్రారంభమయ్యెను. వేరొకడైనచో దీనిని ప్రయోగమునకు కలిగిన చిన్న యాటంకముగా నెంచి విడిచియుండును. కానన్ తన జీవితకాలమంతయు దాని వెంట నడచెను.

ఇచట కొంత వివరింపవలసియున్నది. చేయి యెత్తుట, అడుగు వేయుట మన యిచ్ఛ ననుసరించి జరుగును. గుండె కొట్టుకొనుట, అన్నము పచనమగుట, చెమట పట్టుట మన యాజ్ఞకై వేచియుండవు. వీనిని నడపు నాడీసముదాయమునకు లాంగ్లీ యను నాంగ్ల శాస్త్రజ్ఞుడు 1898లో నామకరణము చేసెను. దానినే మనవారు స్వయంచోదిత నాడీమండలమందురు. అందు సింపతటిక్ నాడులు ఆపత్సమయమున విజృంభించి, గుండెవేగమును హెచ్చించి, జీర్ణకోశమునకు బోవు రక్తమును తగ్గించి కండరములకు మళ్లించును. పారాసింపతటిక్ నాడులు విశ్రాంతి వేళ గుండెను నెమ్మదింపజేసి, జీర్ణక్రియను సాగించి, వ్యయమైన బలమును తిరిగి కూడబెట్టును. గృహస్థుని లెక్కలో జమయు ఖర్చును ఎట్టివో ఈ రెండును దేహమునం దట్టివి.

1911లో కానన్ పిల్లి యెదుట కుక్కను మొరగించి, భయమునకు ముందును వెనుకను దాని రక్తమును తీసి పరీక్షించెను. శాంతముగా నున్నప్పటి రక్తములో, వేరుగా తీసియుంచిన పేగు కండరపు ముక్క ఎప్పటివలె ముడుచుకొనుచు విచ్చుకొనుచు నుండెను. భయపడినప్పటి రక్తము తగులగనే అది సడలిపోయెను. మూత్రపిండములపై నుండు గ్రంథులు ఎడ్రినలిన్ అను ద్రవ్యమును రక్తమున విడుచుటయే యిందులకు కారణమని యాయన నిర్ణయించెను. ఆ ద్రవ్యముచే కాలేయమను గాదెలోని చక్కెర రక్తమున ప్రవేశించును. పోరాడుటకో పారిపోవుటకో దేహము సిద్ధమగును.

మనుష్యులయందును ఇట్లే జరుగునా? 1913లో హార్వర్డు ఫుట్‌బాల్ జట్టు ఆఖరి పందెము ముగించిన వెంటనే 25 మందిని పరీక్షింపగా, 12 మంది మూత్రమున చక్కెర కానవచ్చెను. వారిలో ఐదుగురు మైదానమున కాలు మోపనివారు. గట్టున కూర్చుండి చూచుచుండినవారు. ఈ యొక్క విషయమును మన పాఠకులు తమకు తాము అన్వయించుకొనవలెనని మా ప్రార్థన. కోర్టులో వ్యాజ్యము నడచుచున్నవాడును, అప్పులవాని రాకకు జడియువాడును ఆ గట్టున కూర్చుండినవారి వంటివారే. దేహము యుద్ధమునకు సిద్ధమగును గాని, యుద్ధముండదు. దినదినము నిట్లు జరుగుచుండగా అజీర్ణము, నిద్రలేమి, గుండెదడ కలుగుట వింత గాదు. కానన్ ఈ పరిశోధనలను 1915లో గ్రంథముగ ప్రకటించెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సుకేగి, గాయపడిన సైనికులు రక్తపుపోటు పడిపోయి మరణించు విధమును ఆయన పరిశీలించెను. అటుపిమ్మట మరింత పెద్ద ప్రశ్నను చేపట్టెను. బయట ఎండయైనను చలియైనను దేహపు వేడి ఇంచుమించు 37 డిగ్రీలయందే నిలుచుట యెట్లు? రక్తమున ఉప్పును చక్కెరయు హద్దు మీరకుండుట యెట్లు? ఫ్రెంచి పండితుడు క్లాడ్ బెర్నార్ పూర్వమే గుర్తించిన యీ సమస్థితికి కానన్ 1926లో హోమియోస్టాసిస్ అను పేరిడెను. సింపతటిక్ నాడులను తొలగింపబడిన పిల్లులు ప్రయోగశాలలో సుఖముగనే జీవించెను. కాని చలిలో నుంచినచో వేడిని నిలుపుకొనజాలకపోయెను. నిశ్చింతగా నున్నప్పుడు కానరాని దౌర్బల్యము కష్టకాలమున బయటపడును. 1932లో ప్రకటించిన గ్రంథపు చివర, దేహము నిలువలను కాపాడుకొని ప్రతి కణమును పోషించునట్లు సంఘమును తన ప్రజలను పోషింపవలదా యని యాయన విచారించెను. అమెరికాలో లక్షలకొలది ప్రజలు పనులులేక అలమటించుచుండిన దినము లవి.

భయముచేతనే ప్రాణము పోవుట సాధ్యమా యను విషయమును 1942లో నొక వ్యాసమున చర్చించెను. మంత్రప్రయోగము జరిగినదని నమ్మినవారు క్షీణించి మరణించిన కథలను పరిహసింపక, నాడీమండలపు అతివిజృంభణమే కారణము కావచ్చునని యూహించెను. తీవ్రశోకముచే గుండె యాకారము మారి హఠాత్తుగ బలహీనమగు నొక వ్యాధిని జపాను వైద్యులు 1990లో వర్ణించిరి. సింపతటిక్ నాడులన్నియు నెల్లప్పుడు మూకుమ్మడిగ పనిచేయునను కానన్ భావము మాత్రము నిలువలేదు. ఒక్కొక్క యవయవమునకు బోవు నాడులు వేర్వేరుగ నియమింపబడునని తరువాతివారు కనుగొనిరి.

తొలిదినములలో ఎక్స్-కిరణముల యపాయ మెవ్వరికిని తెలియదు. రక్షణ లేక వానియెదుట గడపిన గంటలకు ఫలముగ చర్మమున పుండ్లును, పిదప క్యాన్సరును ఆయనను పీడించెను. 1945 అక్టోబరు 1వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున గతించెను.

ఆయన బోధనలో నొకటి మన వైద్యులకు, నొకటి మన రోగులకు చెందును. దుఃఖమును భయమును దేహమందలి ప్రత్యక్ష కారణములు గావున, నాడి చూచు వైద్యుడు రోగి కుటుంబపు చిక్కులను అప్పులను గూడ నడుగవలెను. అట్లే, మనస్సు చేయు హాని రక్తమునందును గుండెయందును జరుగు నిజమైన హాని గావున, రోగి రక్తపుపోటునకో మధుమేహమునకో వాడుచున్న మందును మానరాదు. విశ్రాంతియు, నిద్రయు, కలహము లేని భోజనమును ఆ మందునకు తోడుగ నుండవలెను.