చిన్నయసూరి – బాలవ్యాకరణం

పరవస్తు చిన్నయసూరి పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో శ్రీపెరుంబుదూరులో జన్మించాడు. మద్రాసులోని పచ్చయప్ప పాఠశాలలోను, ఆపై ప్రెసిడెన్సీ కళాశాలలోను తెలుగు బోధించాడు.

ఆనాడు పండితులు ప్రమాణంగా భావించిన ‘ఆంధ్రశబ్దచింతామణి’ సంస్కృతంలో ఉండేది. తన మాతృభాష నియమాలు తెలుసుకోవడానికి తెలుగు బాలుడు ముందు మరొక భాషను అభ్యసించవలసి వచ్చేది. సూరి తెలుగు సూత్రాలతోనే 10 పరిచ్ఛేదాల ‘బాలవ్యాకరణం’ రచించి 1858లో వెలువరించాడు.

సంబంధాన్ని తెలిపే షష్ఠీ విభక్తినే చూడండి. ‘ఊరు చెరువు’ అనం, ‘ఊరి చెరువు’ అంటాం. ఏరు ‘ఏటి’, చేయి ‘చేతి’ అవుతాయి. ఈ ఇ, టి, తి వర్ణాలను సూరి ఔపవిభక్తికాలన్నాడు. బహువచనంలో ‘లు’ వర్ణం ‘ల’గా మారుతుంది. కనుక ఒక ఇల్లయితే ‘ఇంటి తలుపు’, పెక్కు ఇండ్లయితే ‘ఇండ్ల తలుపులు’. నారాయణఖేడ్ సమీపంలోని కల్హేర్ వంటి తెలంగాణ పల్లెలలో ‘ఇండ్లు’ నేటికీ వాడుక మాటే.

అయితే సూత్రాలు క్లుప్తమైనవి. గురువు వివరించనిదే బాలలకు బోధపడవు. గ్రాంథికభాష బడిపిల్లలకు భారమని అనంతరకాలంలో గిడుగు రామమూర్తి ఉద్యమించాడు. ఆ వాదం ఫలించి రచనాభాష మారింది. కాని పిల్లలు అప్రయత్నంగా పలికే ‘ఊరి’, ‘ఇండ్ల’ వంటి రూపాల వెనుక నియమముందని తెలుగులోనే చూపిన సూరి కృషి నిలిచింది.