శానిటోరియంలో అక్షరాభ్యాసం

మా చీరాలలో ఇంటి ముందుగదిలో చీరలు పెట్టుకుని అమ్మే ఆడవాళ్లు చాలామందే ఉన్నారు. జాండ్రపేటలోనో వేటపాలెంలోనో నేతగాళ్ల దగ్గర కొనుక్కొచ్చి, కాస్త లాభం వేసుకుని వాయిదాల మీద ఇస్తుంటారు. మూడు నాలుగేళ్లు బాగానే సాగుతుంది. ఆ తర్వాత అదే వీధి, అవే ఖాతాలు, అవే పాత బాకీలు. వ్యాపారం ముందుకీ పోదు, మానేయడానికీ మనసొప్పదు. అప్పుడు మొదలవుతుంది ఇంకేదైనా నేర్చుకుందామన్న ఆరాటం. కంప్యూటరా, మగ్గం వర్కా, ఇంగ్లీషా, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్మడమా? ఏదీ తేల్చుకోలేక అన్నింటికీ తలో నెల ఫీజు కట్టినవాళ్లు నాకు తెలుసు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు చక్రపాణి గారు గుర్తొస్తారు.

చక్రపాణి అనగానే మనకి తట్టేది విజయావారి సినిమా మొదట్లో పడే నాగిరెడ్డి-చక్రపాణి పేర్లు, లేదా చందమామ. అంత పెద్ద వ్యాపారం నడిపిన మనిషి ఇరవై నాలుగేళ్ల వయసులో ఎలా ఉన్నాడో చూడాలి.

ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908లో తెనాలిలో రైతు కుటుంబంలో పుట్టారు. మా చీరాలలో రైలెక్కి బాపట్ల, నిడుబ్రోలు దాటితే తెనాలే కదా, ఆయన్ని మా వైపు మనిషి అనుకోవడం నాకిష్టం. గాంధీగారి ఉద్యమం రోజుల్లో హైస్కూలు చదువు మానేశారు. అప్పట్లో దేశభక్తి ఉన్న కుర్రాళ్లు చాలామంది చేసినట్టే హిందీ నేర్చుకున్నారు. అయితే అందరిలా నాలుగు ముక్కలతో సరిపెట్టుకోలేదు, పండితుల దగ్గర కూర్చుని బాగా నేర్చుకున్నారు. ఆ హిందీ గురువుల్లో ఒకరు పెట్టిన కలం పేరే చక్రపాణి. సంస్కృతం, ఇంగ్లీషు సొంతంగా కొంత పట్టారు.

అక్కడ క్షయ వచ్చిపడింది. అది 1932. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అంటే ఆయన జబ్బుపడ్డ నాటికి క్షయకి మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, కదలకుండా విశ్రాంతి, అంతే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు. చేతిలో డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, ఒంట్లో సత్తువ లేదు. మన చీరల వ్యాపారం ఆగిపోవడం ఒక ఆగిపోవడమా? మనిషే ఆగిపోయాడక్కడ. నేనైతే దూలాలు లెక్కపెడుతూ పడుకునేదాన్ని.

ఆ ఆస్పత్రిలోనే సాహిత్యం తెలిసిన ఒక బెంగాలీ ఆయన ఉండేవారు. ఆయన దగ్గర చక్రపాణి బెంగాలీ అక్షరాలు దిద్దుకున్నారు. పాండిత్యం సంపాదించేశారని అనుకోకండి. లిపి, కొద్దిపాటి మాటలు, అంతే. ఉన్నది కొన్ని నెలలే. తెనాలి తిరిగొచ్చాక బెంగాలీ పత్రికలు, నవలలు కొని తెప్పించుకుని, తనంతట తానే కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టారు.

నాకు ముచ్చటేసేది ఆయన బెంగాలీని ఎంచుకోవడం. హిందీ వచ్చినవాడికి బెంగాలీ వాక్యం మరీ కొత్తగా ఉండదు. సంస్కృతం కాస్త తెలిస్తే సగం మాటలు చుట్టాల్లా పలకరిస్తాయి. తెలుగులో కథ చెప్పడం మీద ముందునుంచీ మక్కువ ఉంది. ఉన్న మెట్టు మీద నిలబడి కాలు చాస్తే అందే మెట్టు అది. పైగా అటువైపు శరత్‌బాబు నవలలు ఉన్నాయి, ఇటువైపు వాటికోసం ఎదురుచూసే తెలుగు పాఠకులు ఉన్నారు. మధ్యలో కావలసింది ఆ భాష ఒక్కటే. చీరలమ్మే ఆవిడకి అలాంటి మెట్టు ఏ రంగు నిలుస్తుందో ఏది పోతుందో తెలుసుకోవడం కావచ్చు, బాకీల ఖాతా సరిగ్గా రాయడం కావచ్చు. ఫీజు కట్టే ముందు ఒకసారి దుకాణం వైపు చూసుకుంటే బావుంటుందని నాకనిపిస్తుంది.

నేర్చుకున్నదాన్ని ఆయన దాచిపెట్టుకోలేదు. పూర్తిగా వచ్చేదాకా ఆగనూలేదు. శరత్ నవలలు వరసగా తెలుగు చేశారు. వాటిలో తెలుగు ఎంత తెలుగులా ఉండేదంటే, శరత్ తెలుగువాడేనని చాలామంది అనుకున్నారు. అనువాదకుడికి ఇంతకంటే పెద్ద సన్మానం ఉందా? మన అమ్మమ్మలు పార్వతి కోసం కళ్లొత్తుకున్నారంటే అందులో ఈ తెనాలి మనిషి పాలు ఉంది.

1934-35 ప్రాంతంలో కొడవటిగంటి కుటుంబరావు గారితో కలిసి యువ మాసపత్రిక పెట్టారు. ఆ తర్వాత సినిమా. ధర్మపత్ని (1941)కి మాటలు రాశారు. బి.ఎన్.రెడ్డి గారి స్వర్గసీమ (1945)కి రాయడానికి మద్రాసు వెళ్లారు. బి.ఎన్. గారి తమ్ముడు నాగిరెడ్డి గారికి ప్రెస్సు ఉండేది. ఇద్దరికీ జత కుదిరింది. 1947 జులైలో చందమామ తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది. పిల్లలు ఎక్కడా ఆగకుండా చదువుకుపోయే ఆ తేలిక భాష వెనక, శరత్‌ని తెలుగు చేసిన చెయ్యి ఉందని వేరే చెప్పాలా?

ఈ జంటలో నాకు నచ్చే విషయం ఇంకొకటుంది. అన్నీ తనే నేర్చుకోవాలని చక్రపాణి గారు పట్టుబట్టలేదు. అచ్చుపని, పెట్టుబడి, స్టూడియో నిర్వహణ నాగిరెడ్డి గారివి. కథ, మాట ఈయనవి. దర్శకత్వం ఎల్.వి.ప్రసాద్, కె.వి.రెడ్డి లాంటి వాళ్ల చేతిలో పెట్టారు. షావుకారు (1950), పాతాళభైరవి (1951), పెళ్ళిచేసి చూడు (1952) అలా వచ్చినవే. ఏది నేర్చుకోవాలన్నదానికంటే ఏది ఇంకొకరికి వదలాలన్నదే కష్టమేమో! మన ఆడవాళ్లకి మరీను. వంట దగ్గర్నుంచి లెక్కల దాకా మనం చూడకపోతే జరగదనుకుంటాం కదా.

1954లో మళ్లీ దెబ్బ తగిలింది. బాగా ఖర్చుపెట్టి తీసిన చంద్రహారం ఆడలేదు. ఇంకొకరైతే దాన్ని మించిన సెట్టింగులతో ఇంకో జానపదం ఎత్తుకునేవారేమో. చక్రపాణి గారు తన పాత సరంజామా దగ్గరికే వెళ్లారు. రవీంద్రనాథ్ మైత్రా అనే ఆయన బెంగాలీలో రాసిన మన్మయీ గర్ల్స్ స్కూల్ అనే నాటకం ఉంది. ఉద్యోగాల్లేని ఒక అబ్బాయీ అమ్మాయీ, టీచరు ఉద్యోగాల కోసం మొగుడూ పెళ్లాలమని చెప్పుకుని ఊళ్లోకి రావడం కథ. గుర్తుపట్టారుగా! అదే 1955లో మిస్సమ్మ అయింది. ఆరోగ్యవరంలో దిద్దిన అక్షరాలకి ఇరవై మూడేళ్ల తర్వాత కాసిన కాపు అది. మేరీగా సావిత్రిని చూసినవాళ్లెవరికీ అది పరాయి కథలా తోచదు. పెళ్లి, మతం, ఉద్యోగం, అద్దెఇల్లు అన్నీ మన ఊరివే. తమిళంలోనూ తీశారు, 1957లో హిందీలో మిస్ మేరీ కూడా వచ్చింది.

అదే ఏడు మాయాబజార్. 1962లో గుండమ్మ కథ. ఇదొక కన్నడ సినిమా మూలంగా తీసుకున్నది. చక్రపాణి గారు దాన్ని మార్చి మార్చి తెలుగింటి కథ చేసేశారు. మన సూర్యకాంతం నోరు పెట్టుకుని తిరిగే ఆ ఇల్లు ఎక్కడినుంచో వచ్చిందంటే నమ్మబుద్ధి కాదు. తమిళంలో అదే కథని తనే డైరెక్టు చేశారు. అది తెలుగులో ఆడినంతగా ఆడలేదు. ఇంకొకరికి వదిలిన పని తన చేతిలోకి తీసుకున్నప్పుడు ఎంతటివారికైనా అంతే కాబోలు.

1975 సెప్టెంబరు 24న ఆయన పోయారు. మందులేని జబ్బుతో శానిటోరియంకి వెళ్లిన నలభై మూడేళ్ల తర్వాత. అప్పటికి చందమామ హిందీ, కన్నడం, మరాఠీ, ఇంకా ఎన్నో భాషల పిల్లల చేతుల్లోకి వెళ్లింది. 1972లో బెంగాలీలో కూడా వచ్చింది.