మాటలతో వైద్యం పనిచేస్తుందా? పరీక్ష పెట్టి చూసిన కార్ల్ రోజర్స్

మనసు బాగోలేనివాళ్లకు మాటలతో నయమవుతుందా? ఈ ప్రశ్న పాతదే. దీనికి నమ్మకంతో జవాబు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, లెక్క తీసి చూపించినవాళ్లు చాలాకాలం లేరు. ఆ పనికి గట్టిగా పూనుకున్న తొలితరం వాళ్లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ ఒకరు.

రోజర్స్ 1902 జనవరి 8న షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో నాలుగోవాడు. కట్టుబాట్లు ఎక్కువున్న ఇల్లు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు కుటుంబం ఊరు వదిలి వ్యవసాయ క్షేత్రానికి మారింది. పద్నాలుగేళ్లకే పశువుల మేత గురించిన లావుపాటి శాస్త్ర గ్రంథాన్ని పట్టుకుని చదివేశారు. ఒక మేత మంచిదో కాదో తేలాలంటే ఆ మేత వేసిన పశువులను, వేయని పశువులను పక్కపక్కన పెట్టి చూడాలని అందులో నేర్చుకున్నారు. ఆ పాఠం జీవితాంతం ఆయన వెంటే ఉంది.

కాలేజీలో ముందు వ్యవసాయం, తర్వాత చరిత్ర చదివారు. 1922లో విద్యార్థుల మహాసభ కోసం చైనా వెళ్లొచ్చాక, ఇంట్లో నేర్పిన నమ్మకాలను సొంతంగా ఆలోచించుకోవడం మొదలైంది. మతబోధకుల చదువులో చేరి, దాన్ని మధ్యలో వదిలి కొలంబియాలో మనస్తత్వ శాస్త్రం వైపు వచ్చారు. 1931లో డాక్టరేట్ అందుకున్నారు.

రోచెస్టర్‌లో పన్నెండేళ్లు పిల్లల సమస్యలు చూశారు. అక్కడ ఒక అల్లరి పిల్లాడి తల్లికి తప్పు ఆమెలోనే ఉందని ఎన్నోసార్లు నచ్చజెప్పబోయారు. ఫలితం లేదు. ఇద్దరూ ఇక చాలనుకున్నారు. ఆమె తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, పెద్దవాళ్లకు కూడా ఇక్కడ కౌన్సెలింగ్ ఇస్తారా అని అడిగింది. మళ్లీ కూర్చుని తన కాపురం కష్టాలన్నీ చెప్పుకుంది. ఈసారి రోజర్స్ ఎక్కువగా విన్నారు. తల్లితో పాటు పిల్లాడూ కుదుటపడ్డాడు. నొప్పి ఎక్కడుందో ఆ మనిషికే తెలుసని, వినేవాడు వినాలని ఆయనకు అప్పుడే అర్థమైంది.

అయితే ఒక్క తల్లి కథతో శాస్త్రం కాదు. గది తలుపు వేశాక లోపల ఏం జరిగిందో కౌన్సెలర్ చెబితేనే తెలిసే రోజులవి. ఒహాయోలో ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు రోజర్స్ సంభాషణలను రికార్డు చేయించారు. కొద్ది నిమిషాలకోసారి డిస్క్ మార్చాల్సి వచ్చేది. 1942లో వచ్చిన పుస్తకంలో, పేరు మార్చి, ఒక మనిషితో సాగిన మొత్తం సంభాషణను అచ్చు వేశారు. తన పొరపాట్లు కూడా అందరూ చూసేలా చేశారు.

1945లో షికాగో యూనివర్సిటీలో కౌన్సెలింగ్ సెంటర్ పెట్టారు. 1952లో ఇంగ్లండ్‌లో హాన్స్ ఐసెంక్ పెద్ద సవాలు విసిరారు. ఆందోళన, దిగులు లాంటి ఇబ్బందులున్న వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఏ మాటల వైద్యం లేకపోయినా రెండేళ్లలో బాగవుతారని ఆయన వాదన. షికాగోలో అప్పటికే పరీక్ష నడుస్తోంది. వచ్చినవారిలో కొందరిని 60 రోజులు ఆగమన్నారు. మాట్లాడకుండానే మార్పు వస్తుందేమో చూడడానికి అది. చికిత్స కోరని మరికొందరినీ పోలికకు తీసుకున్నారు.

ప్రతి ఒక్కరికీ 100 కార్డులు ఇచ్చి, తామెలా ఉన్నారో, ఎలా ఉండాలనుకుంటున్నారో విడివిడిగా పేర్చమన్నారు. మొదట్లో ఆ రెండింటికీ పొంతనే లేదు. ఆగిన 60 రోజుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కౌన్సెలింగ్ తర్వాత మాత్రం రెండూ దగ్గరయ్యాయి. నెలలు గడిచాక చూసినా అది చాలావరకు నిలిచింది. అందరికీ ఒకేలా మేలు జరగలేదనీ దాచలేదు. ఈ ఫలితాలు 1954లో పుస్తకంగా వచ్చాయి. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో లాటరీ వేసి తేల్చే నేటి పద్ధతి ముందు అది తొలి అడుగే. 1956లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తొలిసారి ఇచ్చిన శాస్త్ర పురస్కారం అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

ఈ మధ్యలోనే ఆయన మనసు కూడా కుంగిపోయింది. భార్య హెలెన్‌తో కలిసి కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లారు. తిరిగొచ్చి, తన సహోద్యోగి దగ్గరే చికిత్స తీసుకున్నారు. దాన్నీ దాచలేదు.

తర్వాత విస్కాన్సిన్‌లో స్కిజోఫ్రీనియా రోగులపై ఇదే పద్ధతిని పరీక్షించారు. ఈసారి మొత్తంగా చూస్తే చికిత్స పొందినవారికీ పొందనివారికీ పెద్ద తేడా రాలేదు. మనసు పెట్టి అర్థం చేసుకున్న వైద్యుడు దొరికినవారు మాత్రం కొంత మెరుగ్గా కనిపించారు. తను నమ్మినదానికి ఎదురొచ్చిన ఆ ఫలితాన్ని కూడా 1967లో ప్రచురించారు.

1987 ఫిబ్రవరి 4న, 85 ఏళ్ల వయసులో రోజర్స్ కాలిఫోర్నియాలో కన్నుమూశారు. ఆయన పద్ధతితో ఏకీభవించని వాళ్లు నేటికీ ఉన్నారు. కానీ ఓపికగా వినడం ఒక వైద్యం అంటే, అది ఎవరికి, ఎంత పనిచేసిందో కొలిచి చెప్పాలన్న అలవాటు ఈ రంగంలో స్థిరపడడంలో ఆయన పాత్ర పెద్దది.