డెబియన్‌లో సగం పేరు ఆయనదే

మార్కాపురంలోనో గిద్దలూరులోనో మీ కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు ఉందా? అయితే ఇయాన్ మర్డాక్ కష్టం మీరు రోజూ వాడుకుంటున్నట్టే. ఉబుంటుకు పునాది డెబియన్. 1993 ఆగస్టులో దాన్ని మొదలుపెట్టేనాటికి ఆయనకు 20 ఏళ్లు, అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ స్టూడెంట్. అప్పట్లో దొరికే ఎస్‌ఎల్‌ఎస్ అనే లినక్స్ నిండా తప్పులే. విసుగొచ్చి సొంతంగా మొదలెట్టారు. అప్పటి ప్రేయసి డెబ్రా పేరుకు తన పేరు కలిపి డెబియన్ అన్నారు.

అసలు తెలివంతా ప్యాకేజీల్లో ఉంది. ప్రతి సాఫ్ట్‌వేర్‌ను విడిగా కట్టి, దానికి ఇంకేం కావాలో అందులోనే రాసిపెడతారు. అప్పుడు ఏ ఊళ్లో ఉన్నవాళ్లైనా ఒక్కో ప్యాకేజీ బాధ్యత తీసుకోవచ్చు. 1996లో మర్డాక్ పక్కకు తప్పుకున్నా పని ఆగలేదంటే అందుకే.

మరి సోర్స్ కోడ్ ఇవ్వని కంపెనీల సరుకు సంగతి? డెబియన్ దాన్ని గెంటెయ్యలేదు, నట్టింట్లోకీ రానివ్వలేదు. మీకు తెలిసిన పైటార్చ్‌నే చూడండి. సీపీయూతో నడిచేది ‘మెయిన్’లో ఉంటుంది. ఎన్‌విడియా కుడా కావాల్సింది విడిగా ‘కాంట్రిబ్’లో, డ్రైవర్ ‘నాన్-ఫ్రీ’లో. మెయిన్‌లోని ప్యాకేజీ వాటిని తప్పనిసరి అనకూడదు, సిఫార్సు కూడా చెయ్యకూడదు. మహా అయితే సూచించొచ్చు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లోనూ అది ఇన్‌స్టాల్ అయ్యేది ఇందువల్లే. ఇంటర్వ్యూలో డిపెండెన్సీ గురించి అడిగితే ఇదే చెప్పండి, బట్టీ నిర్వచనం వద్దు.

మర్డాక్ తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేశారు, చివరికి డాకర్‌లో చేరారు. అక్కడా ప్యాకేజింగే! 2015 డిసెంబరు 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయారు. 42 ఏళ్లే. 2017లో వచ్చిన డెబియన్ 9ను ఆయనకు అంకితమిచ్చారు.