సీటొచ్చింది.. స్కాలర్‌షిప్ రాలేదు!

ఫారిన్ వెళ్లాలని ఉంది, చేతిలో డబ్బుల్లేవా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు లెక్క ఎలా వేశారో చూడండి.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్‌ను మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్‌తోనే బయటికి రావాల్సి వచ్చింది. ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెబుతూ అమెరికాలోని హార్వర్డ్ మీద గురిపెట్టారు. సీటొచ్చింది, స్కాలర్‌షిప్ రాలేదు.

అక్కడ మీరైతే ఏం చేసేవారు? ఆయన ఖర్చును ముక్కలు చేశారు. వెళ్లడానికి మామగారు కొంత, కాకినాడలోని సత్యలింగ నాయకర్ చారిటీస్ కొంత సాయం చేశాయి. బోస్టన్‌లో బతకడానికి ఆసుపత్రిలో నైట్ పోర్టర్‌గా చేరారు. వైద్యం చదివిన మనిషి రోగుల బెడ్‌ప్యాన్లు శుభ్రం చేశారు!

ట్రాపికల్ మెడిసిన్‌లో డిప్లొమా, తర్వాత బయోకెమిస్ట్రీలో పరిశోధన. 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ఇచ్చారు. 1930లో పీహెచ్‌డీ. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం చేసిన పనితోనే ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలు మందు సాధ్యమయ్యాయి.

అయితే మూల్యమూ పెద్దదే. భార్య ఇక్కడే ఉండిపోయారు. 1948లో చనిపోయేదాకా ఆయన తిరిగి రాలేదు.

మీరూ ఇవాళే కాగితం తీసుకోండి. ప్రయాణం, ఫీజు, మొదటి ఆర్నెల్ల తిండీ అద్దె.. మూడూ వేర్వేరుగా రాయండి. దేనికి ఎవర్ని అడగాలో పక్కనే రాసుకోండి. వీసా మీద ఏ పని, ఎన్ని గంటలు చేయొచ్చో కూడా ముందే చూసుకోండి. ఇంటికి ఎప్పుడు వస్తారన్నదీ ఆ ప్లాన్‌లో ఉండాలి.