పరుల రాతప్రతులకు ప్రాణం పోసిన కొమర్రాజు

గజ్వేల్: పుస్తకం రాయడం ఒక ఎత్తు, రాసిన దానిని అచ్చుకు తగినట్టు దిద్దడం మరొక ఎత్తు. మొదటి పని చేసిన వారి పేరు అట్టమీద ఉంటుంది. రెండో పని చేసిన వారి పేరు చాలాసార్లు ఎక్కడా కనిపించదు. తెలుగులో ఈ రెండో పనిని ఒక వృత్తిగా, ఇంకా చెప్పాలంటే ఒక వ్రతంగా చేపట్టిన తొలితరం పెద్దలలో ముందు చెప్పుకోవలసిన పేరు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారిది. ఆయన ఎక్కడివారో అనుకోనక్కరలేదు. గజ్వేల్ నుంచి జగదేవపూర్ మీదుగా వెళితే వచ్చే భువనగిరిలోనే ఆయన ప్రాథమిక విద్య సాగింది.

లక్ష్మణరావుగారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. మూడేళ్ల ప్రాయంలోనే తండ్రి గతించగా బంధువుల అండన పెరిగారు. భువనగిరి చదువు ముగిశాక నాగపూర్ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్న భండారు మాధవరావుగారి ఇంట చేరారు. మాధవరావుగారి భార్య అచ్చమాంబ లక్ష్మణరావుగారికి స్వయానా అక్క. ఆమె బడికి వెళ్లి చదువుకున్నది లేదు. తమ్ముడు ఇంట్లో చదువుకుంటూ ఉంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. అలా నేర్చుకున్న ఇల్లాలే తరువాత అబలా సచ్చరిత్ర రత్నమాల రాసి, దేశంలోని గొప్ప స్త్రీల జీవితాలను తెలుగువారి ముందుంచింది. 1902లో ఆమె రాసిన ధనత్రయోదశిని తెలుగులో వచ్చిన తొలి కథల్లో ఒకటిగా పండితులు లెక్కిస్తున్నారు. 1905లో, ముప్ఫయి ఒక్క ఏళ్లయినా నిండీ నిండకుండానే ఆమె కన్నుమూసింది. పేరుమోసిన రచయితలు లక్ష్మణరావుగారి వద్దకు రావడానికి ఎంతో ముందే, ఆయన చదువు నీడన ఒక రచయిత్రి తయారైందన్నమాట. ఈ సంగతి చెప్పేవారు తక్కువ.

నాగపూర్‌లో ఉండగానే ఆయన మరాఠీలో వ్యాసాలు రాసి పేరు తెచ్చుకున్నారు. సంస్కృతం, ఇంగ్లీషు సరేసరి. తరువాత మునగాల రాజా నాయని వెంకట రంగారావుగారి వద్ద దివానుగా చేరారు. మునగాల అప్పట్లో కృష్ణా జిల్లాకు చెందిన పరగణా అయినా చుట్టూ ఉన్నది నైజాం ఇలాకాయే. అందువల్ల ఇటు హైదరాబాదుకు, అటు కోస్తాకు రాకపోకలు ఆయనకు అలవాటయ్యాయి.

ఆనాటి హైదరాబాదు సంస్థానం సంగతి ఈనాటి పిల్లలకు చెప్పవలసి ఉంది. కచేరీలో, కోర్టులో ఉర్దూదే రాజ్యం. మెదక్ జిల్లాలో అంతర్భాగంగా ఉన్న గజ్వేల్ వంటి ఊళ్లలో తెలుగు చదువు వీధిబడి పంతుళ్ల దయమీద సాగేది. అటువంటి కాలంలో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. మునగాల రాజాగారు, రావిచెట్టు రంగారావుగారు, లక్ష్మణరావుగారు ఇందుకు మూలస్తంభాలు.

గ్రంథాలయం పెట్టగానే ఒక చిక్కు ఎదురైంది. బీరువాలు ఉన్నాయి గాని వాటిలో పెట్టడానికి తగిన పుస్తకాలేవి? ప్రబంధాలు, పురాణాలు, శతకాలు ఉన్నాయి. చరిత్ర కావాలన్నా, రసాయన శాస్త్రం కావాలన్నా, పరదేశపు మహానుభావుల జీవితం తెలుసుకోవాలన్నా తెలుగులో దొరికేది బహు స్వల్పం. అందుకే 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించారు. రావిచెట్టు రంగారావు, అయ్యదేవర కాళేశ్వరరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు తోడు నిలిచారు. 1908లో మండలి మద్రాసుకు తరలింది. గ్రంథమాల సంపాదకత్వం మాత్రం లక్ష్మణరావుగారిదే.

ఇక్కడే ఆయన అసలు పని మొదలైంది. మండలి మొదటి పుస్తకం గాడిచర్లవారి అబ్రహాము లింకను చరిత్ర, 1907లో వెలువడింది. రాసినవారు అప్పటికి పాతికేళ్లు నిండని యువకుడు, వందేమాతరం ఉద్యమంలో తలమునకలుగా ఉన్నవారు. మరుసటి ఏడు పత్రికలో అచ్చయిన రాతకు జైలుకు కూడా వెళ్లారు. ఇటువంటి కుర్రవారి చేత, వైద్యుల చేత, సైన్సు చదివినవారి చేత పుస్తకాలు రాయించడం మండలి పద్ధతి. విషయం వారికి తెలుసు. దానిని తెలుగులో చెప్పిన అలవాటు లేదు. ఇంగ్లీషు పుస్తకాలలో చదివిన మాటకు తెలుగులో ఏ పదం వాడాలి, ఒక పుస్తకంలో వాడిన పదమే మరో పుస్తకంలోనూ ఉండాలి కదా, పండితుడు తప్పు పట్టకుండా, పామరుడు పారిపోకుండా వాక్యం ఎలా నడపాలి అన్నవన్నీ సంపాదకుని నెత్తిన పడే బరువులే. ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయన శాస్త్రము ఈ గ్రంథమాలలో వచ్చినవే. తెలుగులో ఆ శాస్త్రాలకు అవి తొలి మెట్లు.

చరిత్ర విషయంలో ఆయన మరింత గట్టివారు. చిలుకూరి వీరభద్రరావుగారు పత్రికలు నడిపిన అనుభవం ఉన్నవారు, కలం బలం ఉన్నవారు. లక్ష్మణరావుగారి ప్రోద్బలంతోనే ఆయన ఆంధ్రుల చరిత్రకు పూనుకున్నారు. మొదటి భాగం 1910లో వచ్చింది. అంతకు ముందు మనకు చరిత్ర అంటే కైఫీయతులు, చాటువులు, తాతలు చెప్పిన కథలు. శాసనాలు ఉన్నాయి గాని వాటిని చదివి అచ్చువేసినది ఎక్కువగా ఇంగ్లీషు సంచికలలో. లక్ష్మణరావుగారు స్వయంగా శాసన పరిశోధకులు. రాజు పేరు రాస్తే ఏ శాసనం, ఏ శకం అని అడగగల సంపాదకుడు దొరకడం చిలుకూరివారి అదృష్టం. ఆ గ్రంథంలోని నిర్ణయాలు కొన్ని తరువాతి పరిశోధనలలో నిలవలేదు. అయినా తెలుగువారికి తమ చరిత్ర తమ భాషలో వరుసగా చదివే అవకాశం దానితోనే కలిగింది.

సిద్దిపేట ప్రాంతంలో కవులకు, రచయితలకు కొదవ లేదు. శతకమో, కథల సంపుటో రాసి నేరుగా డి.టి.పి. సెంటరుకు తీసుకుపోయి, సొంత సొమ్ముతో అచ్చువేయించి, ఆవిష్కరణ సభ పెట్టుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. రాతప్రతికి, ప్రెస్సుకు మధ్య దానిని నిర్దాక్షిణ్యంగా చదివేవారు ఉండరు. అక్షర దోషాలు సరిచేయడమే దిద్దడం అనుకునేవారికి లక్ష్మణరావుగారి పద్ధతి తెలియవలసి ఉంది.

తాను రాయలేక ఇతరులవి దిద్దారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. శివాజీ చరిత్రము ఆయన రచనే. హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము కూడా ఆయన కలం నుంచి వచ్చినవే. పరిశోధన వ్యాసాలు కొన్ని లక్ష్మణరాయ వ్యాసావళి పేర పుస్తకమయ్యాయి. ఆయన పాండిత్యానికి ఇవి చాలా తక్కువ. మిగతా కాలమంతా పరుల కాగితాల మీదనే గడిచింది.

అన్నింటినీ మించిన సాహసం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. తెలుగులో అన్ని విషయాలూ అక్షర క్రమంలో దొరికే మహాగ్రంథం తేవాలని 1912-13 ప్రాంతంలో నడుం కట్టారు. విషయాలు ఏరడం, తగిన వారికి అప్పగించడం, వచ్చిన వ్యాసాలను ఒక్క చేతి రాతగా కనిపించేటట్టు సంస్కరించడం, రాసేవారు దొరకని చోట తానే రాయడం ఇందులోని పని. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు ఈ కార్యాలయంలోనే ఆయనకు సహాయకులు. పెద్ద పట్టాలేవీ లేని మల్లంపల్లివారు అక్కడి శిక్షణతోనే శాసనాలు చదవడంలో ఆరితేరి, రెడ్డిరాజ్యాల చరిత్రకు ప్రామాణికులై, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే స్థాయికి ఎదిగారు.

మూడు సంపుటాలు వెలువడ్డాయి. అక్షరమాల ఇంకా మొదట్లోనే ఉంది. తరువాత తెలుగుదేశానికి సంబంధించిన విషయాలతో ఆంధ్ర సంపుటం సిద్ధం చేయడంలో మునిగి ఉండగా ఆరోగ్యం దెబ్బతిన్నది. 1923 జూలై 12న మద్రాసులో లక్ష్మణరావుగారు పరమపదించారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లు. ఎందరి రాతప్రతులనో అచ్చుదాకా చేర్చిన వారి సొంత గ్రంథం మాత్రం నడుమనే ఆగింది.

కొన్నేళ్లకు ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు విజ్ఞాన సర్వస్వాన్ని తిరిగి చేపట్టి కొన్ని సంపుటాలు వెలువరించారు. అదీ తుదిముట్టలేదు. అక్క జ్ఞాపకంగా అచ్చమాంబ అన్న పేరే దక్కిన లక్ష్మణరావుగారి కుమార్తె డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆమె కూడా కలం పట్టారు. గర్భిణులకు, బాలింతలకు పనికివచ్చే పుస్తకం తెలుగులో రాశారు.