చీపురు చేబూనిన సాధువు

విదర్భసీమలో అమరావతి అను పట్టణము కలదు. ఇది మన కృష్ణాతీరమందలి అమరావతి కాదు. పూర్వము బేరారు అని పిలువబడి, నిజాము ప్రభువుల చేతినుండి ఆంగ్లేయుల పాలనలోనికి పోయిన ప్రత్తి నేలల నడుమ నున్నది. ఆ జిల్లాలో శేండ్‌గావ్ అను పల్లెయందు 1876వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన ఒక రజక కుటుంబమున దేబూజీ జన్మించెను. లోకము ఆయనను తరువాత గాడ్గే మహారాజు అనియు, గాడ్గే బాబా అనియు పిలిచెను.

బాల్యమును గురించి చెప్పవలసినది కొంచెమే. తండ్రి ఝింగ్రాజీ త్రాగుడునకు లోబడి, ఆరోగ్యమును ఆస్తిని కూడ పోగొట్టుకొని, కుమారుడు పసివాడై యుండగనే మరణించెను. తల్లి సఖూబాయి బిడ్డను వెంటబెట్టుకొని దాపురా గ్రామమున నున్న పుట్టినింటికి చేరెను. దేబూజీ అచ్చట మేనమామ పశువులను కాచెను, పొలము దున్నెను. బడి మాత్రము ఎరుగడు. మేనమామయు చదువురానివాడే. పత్రములలో ఏమి వ్రాయబడినదో తెలియకపోవుటచే ఆయన పొలము వడ్డీవ్యాపారి పాలయ్యెను. తరువాతి కాలమున గాడ్గే బాబా, కంచ మమ్ముకొనియైనను పిల్లలను చదివింపవలెనని ఊరూర బోధించుటకు మూల మిచ్చట నున్నది.

యుక్తవయస్సున వివాహమాయెను. కుమార్తె నామకరణమునాడు బంధువులు కులాచారము ననుసరించి మద్యమాంసములతో విందు నపేక్షించిరి. దేబూజీ వానిని నిరాకరించి తీపి వంటలతో భోజనము పెట్టెను. కులపెద్దలు కోపించిరి. తండ్రిని మ్రింగిన త్రాగుడును తన యింట అతిథిగా కూర్చుండబెట్టుట ఆయనకు సమ్మతము కాలేదు. 1905వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన, తన 29వ యేట, తల్లిని, భార్యాబిడ్డలను విడిచి ఇల్లు వెడలెను. ఈ యొక్క విషయమున ఆయనను సమర్థించుట నాకు సులభము కాదు. మహాపురుషులు గడప దాటి పోయిన పిమ్మట ఆ యింటి స్త్రీలు పడిన కష్టమును చరిత్రలు ఒక వాక్యముతో సరిపెట్టును.

సన్న్యాసి వేషమునకు కావలసిన కాషాయము, కమండలువు, జటలు ఆయనకు లేవు. చింకిగుడ్డల నతికిన అంగీ; కాళ్ళకు జత కుదరని చెప్పులు; తలపై బోర్లించిన పగిలిన మట్టిముంత; చేత ఒక చీపురు. మరాఠీ భాషలో అట్టి మట్టిపాత్రకే గాడ్గే అని పేరు. ఎండకు అది గొడుగు, ఆకలికి కంచము, దాహమునకు చెంబు. జనులు ఆ పాత్ర పేరునే ఆయనకు పెట్టిరి.

ఆయన ఒక ఊరు చేరు విధము వినదగినది. నేరుగా గుడికి పోడు, పటేలు ఇంటికి పోడు. ఊరి మొగదలనే చీపురు నేలకు తాకించును. వీధులు ఊడ్చుకొనుచు, మురుగు కాలువలలో పేరుకొన్న బురదను ఎత్తిపోయుచు నడిమి ఊరికి వచ్చును. పిల్లలు వెఱ్ఱివాడని వెంటబడి నవ్వుదురు. పెద్దలు గుమ్మములలో నిలిచి చూతురు. ఎవరైనను రొట్టెముక్క నిచ్చినచో పని ముగిసిన తరువాతనే ముంతలో పెట్టించుకొని తినును. ప్రొద్దు వాలిన పిమ్మట, ఈ రాత్రి ఊరిలో కీర్తన కలదు, అందరును రావలెనని తానే చెప్పును. ఉదయము మురుగు తీసిన మనిషియే కీర్తనకారుడని జనులు అప్పుడు తెలిసికొందురు.

ఆ కీర్తన మన హరికథ వంటిదే యైనను పాండిత్యపు పటాటోపము లేనిది. తుకారాము అభంగములు, వర్హాడీ పల్లె పలుకులు, నడుమ నడుమ ప్రశ్నలు. ఆయన అడుగును, సభలోనివారే జవాబు చెప్పవలెను. అప్పుచేసి తీర్థయాత్ర చేయుట, దేవతకు మేకను బలియిచ్చుట, కల్లుసారాలు, అస్పృశ్యత, వీటిని ఒకదాని వెంట ఒకటి వారి నోటనే చెప్పించి, నవ్వించి, తుదకు తల వంచుకొనునట్లు చేయును. పాదములకు మ్రొక్కవచ్చినవారిని కర్రతో అదలించెడివాడు. మరునాడు ఊరు మేల్కొనునప్పటికి వేరొక ఊరి దారి పట్టి యుండును.

ఇందులో చీపురు పాత్ర యెంతటిదో మన మాలోచింపవలెను. మన గ్రామములలో చెత్త వేయుటకు అందరికిని అధికారము కలదు. ఎత్తు పని మాత్రము కొన్ని కులములపై మోపబడినది. ఆ ఏర్పాటు వలన ఎత్తువారు నీచులుగా చూడబడిరి. వేయువారికి, తాము వేసినది తమదే యను ఎరుక నశించెను. అరటితొక్కను వీధిలోనికి విసరిన క్షణమున అది మన సొత్తు కాకుండ పోవును. ఊరి సొత్తగును, అనగా ఎవ్వరిదియు కాదు. గాడ్గే బాబా పుట్టిన కులమునకు ఇతరుల మైలబట్టలు ఉతుకుట వృత్తి, వీధులూడ్చుట కాదు. తాతతండ్రుల నుండి తనపై పడని పనిని, ఎవ్వరును ఆజ్ఞాపింపకయే ఆయన ఎత్తుకొనెను. తన గుమ్మము ముందటి చెత్తను పరదేశి యొకడు ఊడ్చుచుండగా చూచు గృహస్థునకు సిగ్గు కలుగక మానదు. మందలించినచో అతడు వాదమునకు దిగెడివాడే. ఊడ్చువానితో ఏమని వాదించును?

నా సంగతి యొకటి ఇచ్చట చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక కళాశాలలో పరిశుభ్రతను గురించి సభ జరిగెను. వక్తలలో నేనొకడను, శౌచమును గూర్చి శ్లోకములు కూడ చదివితిని. సభ ముగిసిన తరువాత ఆవరణమంతట టీ కప్పులు, వేరుసెనగ పొట్లముల కాగితములు, మాకు వేసిన దండలనుండి రాలిన పూలు. మరునాటి ఉదయము వానిని దాటుకొనుచునే తరగతికి పోయి పాఠము చెప్పితిని. ఊడ్చు మనిషి ఆనాడు సెలవు.

తెలుగువారికి పండరీక్షేత్రము క్రొత్త కాదు. తెనాలి రామకృష్ణకవి పాండురంగ మాహాత్మ్యము మనకు కలదు. తల్లిదండ్రుల సేవలో నున్న పుండరీకుడు, గుమ్మమున నిలిచిన దేవునకు ఇటుక వేసి, దానిపై నిలువుమనెనను కథను బడిపిల్లలును ఎరుగుదురు. ఆషాఢ ఏకాదశినాడు ఆ క్షేత్రమునకు లక్షలాది జనము కాలినడకన వచ్చును. వారందరి స్నానపానములును, మలమూత్రములును ఆ చంద్రభాగా నది యొడ్డుననే. గాడ్గే బాబాయు అచ్చటికి పోయెడివాడు. అయితే విఠలుని దర్శనమునకై వరుసలో నిలువక, నదీతీరమునందలి యిసుకను ఊడ్చి, మైలను తట్ట కెత్తుచుండెడివాడని చెప్పుదురు. పుండరీకుని వలె ఈయనయు దేవుని కాసేపు నిలువుమనెను కాబోలు.

జనులిచ్చిన ధనము లక్షలకు పెరిగెను. దానితో పండరి, నాసిక్, దేహు, ఆళంది, ముంబయి మున్నగు చోట్ల సత్రములు వెలసినవి. పాఠశాలలు, గోశాలలు, అనాథలకు ఆశ్రయములు వెలసినవి. 1952లో వీని నిర్వహణకై ఆయన పేర ఒక సంస్థ ఏర్పడెను. ఆయన మాత్రము ఆ కట్టడముల నీడను విశ్రమింపక, ముంతలో రొట్టె తినుచు తిరిగెను. పండరియందలి సత్రమునకు చోఖామేళా పేరుంచుట గమనింపదగినది. 14వ శతాబ్దమునకు చెందిన ఆ భక్తకవి మహారు కులస్థుడగుటచే ఆలయప్రవేశమునకు నోచుకొనలేదు. ఆయన సమాధి గుడి వాకిటనే యున్నది. ఆ సత్రమును గాడ్గే బాబా 1949లో డాక్టరు అంబేద్కరు స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీకి అప్పగించెను. అంబేద్కరు అప్పుడు కేంద్రప్రభుత్వమున న్యాయశాఖామాత్యుడు. విదేశములలో పట్టములు పొందిన విద్వాంసునకును, అక్షరము రాని ఈ సాధువునకును గల స్నేహము మహారాష్ట్రమున నేటికిని చెప్పుకొనబడును.

1956 డిసెంబరు 6న అంబేద్కరు మరణించెను. గాడ్గే బాబా అప్పటికే వ్యాధిగ్రస్తుడు. అదే నెల 20వ తేదీన, అమరావతికి తీసికొనిపోవుచుండగా, దారిలో వలగావ్ సమీపమున పేఢీ నది యొడ్డున ఆయన ప్రాణము విడిచెను. తనకు శిష్యులు లేరనియు, తన పేర విగ్రహములు గుడులు వలదనియు ఆయన చెప్పుచుండెడివాడు. అమరావతిలో సమాధిమందిరము వెలసెను. 1998లో తపాలాబిళ్ళ వెలువడెను. 1983లో ఏర్పడిన అమరావతి విశ్వవిద్యాలయము ఇప్పుడు ఆయన పేరు ధరించి యున్నది. 2000-01లో మహారాష్ట్ర ప్రభుత్వము ఆయన పేరనే గ్రామ పారిశుద్ధ్య ఉద్యమము నారంభించి, వీధులను పరిశుభ్రముగా నుంచుకొన్న గ్రామములకు బహుమతు లేర్పరచెను. ఈ గౌరవములన్నిటిలో ఆయన కర్ర యెత్తకుండ సహించియుండునది ఈ కడపటిది యొక్కటే యని నా తలంపు. అదియైనను బహుమతి లేని యేట వీధులెట్లున్నవని అడుగకుండ ఉండెడివాడు కాడు.

మొన్న ఫిబ్రవరి 23న మా విద్యార్థులు కొందరు వచ్చి, జయంతి సభ వలదు, ఆవరణము ఊడ్చెదమనిరి. కళాశాల యంతయు వెదకగా చీపుళ్ళు రెండు దొరికినవి. మేము ఇరువదిమందిమి. తక్కినవి ఎవరి యింటినుండి వారు తెచ్చుకొంటిమి.